కంపెనీ కాదంటే కాదైపోదు: పెద్దల ఆరోగ్య బీమాపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు కొడుకులూ కూతుళ్లూ రాసినవే. పాలసీ అమ్మానాన్నల పేరు మీద ఉంటుంది, ప్రీమియం వీళ్లు కడతారు, లోపల ఏం రాసుందో మాత్రం ఆసుపత్రి బిల్లు చేతికొచ్చేదాకా ఎవరూ చూడరు. సరే, విషయానికొద్దాం.

ప్రశ్న: నాన్నకు 72, అమ్మకు 68. నాన్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసి మానేశారు, పెన్షన్ లేదు. ఇద్దరికీ షుగర్, అమ్మకు బీపీ కూడా. 65 దాటితే ఏ కంపెనీ పాలసీ ఇవ్వదని తెలిసిన ఏజెంటు తేల్చేశాడు. తమ్ముడేమో 70 దాటిన వాళ్లకు కేంద్రం ఉచిత కార్డు ఇస్తోంది కదా, పాలసీకి డబ్బు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏజెంటుది పాతకాలం మాట. 65 ఏళ్ల వయసు పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసింది. అలాగని అడిగిన ప్రతి కంపెనీ ఇచ్చి తీరాలని కాదు, పరీక్షలు చేయించి ప్రీమియం పెంచొచ్చు, వద్దనీ అనొచ్చు. ఒక కంపెనీ వద్దంటే ఇంకో నాలుగు చోట్ల అడగండి. అంతేగానీ ఏజెంటు నోటి మాటతో ఆగిపోకండి.

తమ్ముడు చెప్పింది నాన్నగారి విషయంలో నిజం. ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ 29న మొదలైంది. 70 నిండితే చాలు, ఆదాయంతో పని లేదు, సొంతిల్లు ఉందా కారు ఉందా అని అడగరు. ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితం, పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. వయసు ఆధార్‌లో ఉన్నదాన్నే చూస్తారు కాబట్టి నాన్నగారి ఆధార్ ఒకసారి తీసి చూడండి, మన పెద్దవాళ్లలో చాలామందికి అసలు వయసు ఒకటి, ఆధార్ వయసు ఒకటి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే నమోదు చేయొచ్చు, సందేహాలుంటే 14555కి ఫోన్ చేయండి.

అయితే ఆ 5 లక్షలు ఇంట్లో 70 నిండిన వాళ్లందరికీ కలిపి. రేపు అమ్మకూ 70 నిండితే ఆమెకు విడిగా మరో 5 లక్షలు రావు, ఇద్దరూ అందులోనే సర్దుకోవాలి. ఓపీ ఖర్చులు, నెలనెలా మందులు ఇందులో రావు, అడ్మిట్ కావాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం, పథకంలో ఉన్న ఆసుపత్రిలోనే పనికొస్తుంది. కార్డు తీసి బీరువాలో పెట్టేయకుండా తెనాలి, గుంటూరు, విజయవాడల్లో మీరు నిజంగా వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో, ఉంటే గుండెకీ కీళ్లకీ కూడా ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. రాత్రి పన్నెండింటికి క్యాజువాలిటీలో నిలబడి కనుక్కునే విషయం కాదది. ఇంట్లో ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మన పాత ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అది కూడా చూడండి, ఆంధ్రాలో దాని పరిమితి 25 లక్షలు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ 10 లక్షలు.

అమ్మకు ఇంకా రెండేళ్లుంది గనక ఆమెకు పాలసీ తీసుకోవడం దండగ కాదు. ఇద్దర్నీ కలిపి ఫ్లోటర్, అంటే ఒకే కవరేజీని పంచుకునే పాలసీ తీసుకోవద్దు, ప్రీమియం ఇద్దరిలో పెద్దవారి వయసును బట్టి లెక్కేస్తారు. అమ్మకు విడిగా తీసుకోండి. షుగర్, బీపీ ఉన్నాయని ప్రపోజల్ ఫారంలో రాయండి. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం, ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లే, ఇదివరకు 4 ఏళ్లుండేది. "రాస్తే పాలసీ రాదమ్మా, వదిలేయండి" అని ఏజెంటు అంటే ఏం జరుగుతుందో కింది ఉత్తరం చదవండి.

ప్రశ్న: అమ్మకు 69. ఆరేళ్లుగా ఒక్క ఏడాదీ తప్పకుండా పాలసీ కడుతున్నాం. మొన్న గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు, 2 లక్షల 90 వేలు అయింది. కంపెనీ క్లెయిమ్ రిజెక్టు చేసింది. డిశ్చార్జి సమ్మరీలో బీపీ పదేళ్ల నుంచి ఉందని రాసి ఉందట, పాలసీ తీసుకున్నప్పుడు మేం ఆ సంగతి దాచామట. నిజానికి అప్పుడు అమ్మకు బీపీ ఉన్నట్టు మాకు తెలీదు. ఇక ఏమీ చేయలేమని ఏజెంటు అంటున్నాడు.
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేయడానికి చాలా ఉంది. రిజెక్షన్ లెటర్ చూడగానే టెన్షన్ పడి ఊరుకుంటారని కంపెనీలకు బాగా తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ పదేళ్ల మాట ఎక్కడి నుంచి వచ్చుంటుందో నేను ఊహించగలను. రాత్రిపూట క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చకచకా రాసుకుంటూ "బీపీ ఎన్నాళ్ల నుంచి" అని అడుగుతాడు, పక్కన నిలబడ్డ చిన్నాన్నో మేనమామో కంగారులో "ఓ పదేళ్లు ఉంటుందండీ" అనేస్తాడు. అది కేస్ షీటులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి, అక్కడి నుంచి కంపెనీ ఫైల్లోకి. మందుల చీటీ గానీ పరీక్ష రిపోర్టు గానీ ఏదీ ఉండదు. మొదట మీరు చేయాల్సింది, అమ్మకు బీపీ ఉందని తొలిసారి చెప్పిన డాక్టరు చీటీ వెతకడం. అది పాలసీ మొదలైన తర్వాతి తేదీదైతే సగం పని అయినట్టే. వైద్యం చేసిన కార్డియాలజిస్టును కలిసి, పదేళ్లన్నది బంధువులు చెప్పిన మాటే తప్ప రికార్డుల్లోంచి తీసింది కాదని లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది రాసిస్తారు.

రెండోది ఇంకా గట్టిది. 60 నెలలు విరామం లేకుండా పాలసీ నడిస్తే, ఆ తర్వాత "మీరు ఫలానా జబ్బు చెప్పలేదు" అనే కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. దీన్ని మారటోరియం అంటారు. ఇంతకుముందు 8 ఏళ్లు ఉండేది, 2024లో 5 ఏళ్లకు తగ్గించారు. మీరు మోసం చేశారని కంపెనీ రుజువు చేస్తే తప్ప దీనికి మినహాయింపు లేదు, ఆ రుజువు చేయాల్సింది కంపెనీయే, మీరు కాదు. మీది ఆరేళ్ల పాలసీ! మధ్యలో కంపెనీ మారి పోర్ట్ చేసుకున్నా పాత ఏళ్లు కలుస్తాయి. మధ్యలో కవరేజీ పెంచుకుని ఉంటే మాత్రం పెంచిన భాగానికి లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది, అది చూసుకోండి.

ఇప్పుడు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, అంటే ఫిర్యాదులు చూసే విభాగానికి ఈమెయిల్ పెట్టండి. ఫోన్లు వద్దు, కాల్ సెంటర్లో ఎవరేం చెప్పారో రేపు ఎవరికీ గుర్తుండదు. మన బాధంతా వెళ్లబోసుకోవాలనిపిస్తుంది గానీ అరపేజీ దాటొద్దు. పాలసీ నంబరు, మొదలైన తేదీ, క్లెయిమ్ నంబరు, వాళ్లు చెప్పిన కారణం, 60 నెలలు దాటిన సంగతి రాయండి, డాక్టరు లెటరు జత చేయండి. క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదని నిబంధన ఉంది, మీ క్లెయిమ్ ఆ కమిటీ ముందుకు వెళ్లిందా అని కూడా అడగండి. ఆ ఒక్క వాక్యంతో ఫైలు ఇంకో టేబుల్ మీదికి కదిలే అవకాశం ఉంది. అదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టండి, 155255కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు.

నెలలోపు జవాబు రాకపోతే, లేదా మళ్లీ అదే పాట పాడితే బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే అధికారి దగ్గరికి వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ కలిపి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. పైసా ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అసలు లాయర్లను రానివ్వరు. అమ్మ ఒంట్లో బాగోకపోతే నామినీ గానీ వారసులు గానీ వేయొచ్చు. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి, మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపే వేయాలి, "చూద్దాంలే" అని జరుపుకుంటూ పోతే ఆ తలుపు మూసుకుంటుంది. ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, ఈ వరస గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాన్న హెర్నియా ఆపరేషన్ బిల్లు 2 లక్షల 40 వేలు, పాలసీ 3 లక్షలది. అయినా కంపెనీ సరిగ్గా సగం, లక్షా 20 వేలే ఇచ్చింది. రూమ్ రెంట్ వల్ల అంటున్నారు. రూముకు మేం కట్టింది నాలుగు రోజులకు 24 వేలే కదా!
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ పాలసీలో రూమ్ రెంట్ రోజుకు కవరేజీలో 1 శాతమే అని ఉండుంటుంది, అంటే 3 వేలు. మీరు 6 వేల రూములో చేరారు. రూము అర్హతకు రెట్టింపు కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటివి కూడా సగానికి కోస్తారు, ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో రూము ఖరీదును బట్టి ఇవన్నీ పెరుగుతాయి. ఇంతవరకు కంపెనీ చేసింది పాలసీ ప్రకారమే.

కానీ మందులు, సర్జికల్ సామాను, ఇంప్లాంట్లు, పరీక్షలు, వీటికి ఈ కోత వేయకూడదు. మీరు పంపిన బిల్లులో రూము 24 వేలు, డాక్టర్లూ థియేటరూ వగైరా లక్షా 20 వేలు, మందులూ మెష్షూ పరీక్షలూ 96 వేలు ఉన్నాయి. కాబట్టి రావాల్సింది 12 వేలు, 60 వేలు, 96 వేలు, మొత్తం లక్షా 68 వేలు. గ్లవ్స్ లాంటి చిల్లర వస్తువులకు కొంత పోయినా, దాదాపు 48 వేలు మీకు ఇంకా రావాలి. రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, రూమును బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే ఈ దామాషా కోతే చెల్లదు, బిల్లింగ్ కౌంటర్లో అదీ కనుక్కోండి. ఈసారి అడ్మిషన్ అప్పుడు "మీ పాలసీకి ఏ రూము వస్తుంది" అని ఇన్సూరెన్స్ డెస్కులో అడిగాకే సంతకం పెట్టండి, సింగిల్ ఏసీ రూము ఖాళీగా ఉందని చెప్పడం వాళ్ల ఉద్యోగం.

ప్రశ్న: నాన్నకు 74. ప్రీమియం ఏటేటా పెరిగి ఈ ఏడాది 46 వేల నుంచి 61 వేలు చేశారు. మానేసి ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే నయం కదా?
- ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అప్పుడే మానేయకండి. సీనియర్ సిటిజన్లకు ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తమతో సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు ఆదేశమిచ్చింది. మీకు పెరిగింది 30 శాతం పైనే. ఎందుకు పెరిగిందో ఈమెయిల్‌లో అడగండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు, నోటీసులో అది కలిపి చూపిస్తున్నారేమో చూడండి. జవాబు నచ్చకపోతే రెన్యువల్‌కు 45 రోజుల ముందే వేరే కంపెనీకి పోర్ట్ చేయమని దరఖాస్తు పెట్టొచ్చు, కొత్త కంపెనీ ఒప్పుకోవాలి. అది ఖాయం అయ్యేదాకా పాతది వదలొద్దు. మీరే కడుతుంటే పాత ఆదాయ పన్ను విధానంలో తల్లిదండ్రుల ప్రీమియంకు 50 వేల దాకా మినహాయింపు ఉంది, నగదుగా కడితే రాదు. పాలసీయే లేని పెద్దవాళ్లకైతే వైద్య ఖర్చుల్నే ఆ 50 వేల లోపు చూపించుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

ప్రశ్న: మా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలున్నారు. విడిగా పాలసీ కావాలా?
- ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కావాలి. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది, లేదా మీ ఆఫీసే ఓ ఏడాది తల్లిదండ్రుల్ని తీసేస్తుంది. బయటికొచ్చేటప్పుడు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, రిలీవింగ్ హడావిడిలో దాన్ని మర్చిపోకండి.

ప్రశ్న: అమ్మానాన్నలు ఆరు నెలలకు మా దగ్గరికి వస్తున్నారు, ఇద్దరికీ 68 దాటాయి. ఇక్కడ ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? తర్వాత గ్రీన్ కార్డు వస్తే మెడికేర్ ఇస్తారా?
- ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు మెడికేర్, అంటే అమెరికాలో పెద్దలకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా లేదు, ప్రైవేటు విజిటర్ ప్లానే గతి. రోజుకింత అని చౌకగా దొరికే ఫిక్స్‌డ్ ప్లాన్లు ఒక్కో వైద్యానికి ఒక నిర్ణీత మొత్తమే ఇస్తాయి, అమెరికా బిల్లు ముందు అవి ఏ మూలకీ చాలవు. కాస్త ఖర్చయినా కాంప్రహెన్సివ్, అంటే అలా నిర్ణీత మొత్తంతో ఆగకుండా బిల్లును బట్టి ఇచ్చే ప్లాన్ తీసుకోండి. పాత జబ్బులకు చాలా ప్లాన్లలో ఉండేది, ఉన్నట్టుండి ముదిరితే వచ్చే కవరేజీ మాత్రమే. షుగర్ చెకప్పుకు వెళ్తామంటే రాదు. 70 దాటినవాళ్లకు కొన్ని ప్లాన్లు ఆ కవరేజీ తగ్గించేస్తాయి, వయసు షరతు తప్పక చదవండి. మందులు సరిపడా ఇండియా నుంచే తెచ్చుకోమనండి, ప్రిస్క్రిప్షన్‌తో సహా.

గ్రీన్ కార్డు వచ్చి, 65 దాటి, ఐదేళ్లు అమెరికాలో ఎడతెగకుండా ఉంటే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరొచ్చు. అందులో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే వాళ్లో, భార్యాభర్తల్లో ఒకరో దాదాపు పదేళ్లు అక్కడ పనిచేసి పన్ను కట్టి ఉండాలి, పిల్లలు ఎన్నేళ్లు కట్టినా అది లెక్కలోకి రాదు. ఇలాంటి వాటికి ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అని ఉచితంగా సలహా ఇచ్చే సర్కారు ఏర్పాటు ఉంది, టెక్సస్‌లో దాని పేరు హైక్యాప్. వాళ్లు ఏ పాలసీ అమ్మరు కాబట్టి ఏజెంటు కన్నా ముందు వాళ్లతో మాట్లాడండి.

అమ్మానాన్నలకు ఇండియాలో ఉన్న పాలసీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగనివ్వకండి. అమెరికాలో ఉన్న ఆర్నెల్లు వాడుకోం కదా అని వదిలేస్తే, గడువు తీరాక ఇచ్చే గ్రేస్ పీరియడ్ 30 రోజులు కూడా దాటాక వెయిటింగ్ పీరియడ్లు, పైన చెప్పిన ఆ 60 నెలల లెక్క, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. రెన్యువల్ తేదీ ప్రయాణంలో పడితే విమానం ఎక్కకముందే కట్టేయండి, లేకపోతే ఓటీపీ నాన్నగారి ఇండియా సిమ్‌కు వస్తుంది, ఆ సిమ్ డాలస్‌లో స్విచాఫ్ అయి ఉంటుంది.