పొడి లంగోటాలు

అమ్మలూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. వచ్చే నెల నుంచి ఆఫీసుకి పోతావట, బుజ్జిదాన్ని తీసుకుని మియాపూర్ ఫ్లాట్‌కి వెళ్లిపోతావట, ఎవ్వరూ తోడు రానక్కర్లేదన్నావట. మీ పెద్దనాన్నకి చెప్తూ ముందు మురిసిపోయాను. మా కాలంలో ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? తర్వాత అన్నం సయించలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. వాయిస్ మెసేజ్ పెడితే స్పీడు పెంచి వింటావు, నాకు తెలుసు.

టీకాల కార్డు ఫోటో తీసి పెట్టుకో, తొమ్మిదో నెల సూది మర్చిపోకు. ఆరు నెలలు నిండాకే ఉగ్గు. ఏడాది దాటేదాకా తేనె నాకించొద్దు, ఎవరు ఎంత ముద్దుగా తెచ్చినా సరే. క్రెష్ చూడ్డానికి పోతే గోడల మీద బొమ్మలు కాదు, ఆయా చేతులు చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం ఒక్కటే. మోషన్స్.

1989 ఆషాఢం. సికింద్రాబాద్ చిలకలగూడలో రెండు గదుల ఇల్లు, మీ అన్నయ్యకి పది నెలలు. లష్కర్ బోనాలకి ముందు రోజు సాయంత్రం నుంచి వాడికి నీళ్ల విరేచనాలు. "పళ్లొస్తున్నయి, అట్లనే అయితయి" అంది మా అత్తమ్మ. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని గ్లాసు దగ్గరికి రానివ్వలేదు. నెపం ఆమె మీద వెయ్యను. డిగ్రీ చదివింది నేను. రాత్రంతా నేనే పాలు కూడా తగ్గించాను.

వాడికి ముందు నాకు రెండుసార్లు కడుపు పోయింది కదా. ఈసారి బిడ్డ బతికి బట్టకడితే మూడేళ్లు బోనం ఎత్తుతానని ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నా. అది మొదటి ఏడు. మొక్కు తప్పితే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటుందేమోనని గుండెల్లో గుబులు. పసుపు రాసిన కొత్త కుండ, పాలు బెల్లం పోసి వండిన అన్నం, చుట్టూ వేపాకు, పైన దీపం. "నీ పని మీదనే వస్తున్నా, వీణ్ని నువ్వు చూసుకో" అని అమ్మవారికే అప్పజెప్పి జనరల్ బజార్‌లో లైన్లో నిలబడ్డా. నాలుగు గంటలు.

తిరిగొచ్చేసరికి పొద్దున నేను మడతపెట్టి పోయిన లంగోటాలు మడత మీదే ఉన్నాయి. "పదింటి నుంచి ఒక్కటి తడపలే, తగ్గిపోయింది" అంది అత్తమ్మ. ఆ పొడి గుడ్డలు చేతిలో పట్టుకుని నేను అమ్మవారికి దండం పెట్టానమ్మా. ఈ సంగతి మీ అన్నయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

వాడు నిద్రపోతున్నాడనే అనుకున్నాం. ఏడుపు వినబడట్లేదేమిటని పక్కింటి ఖాలా వచ్చింది. మాడు మీద చెయ్యి పెట్టింది, గుంటపడి ఉంది. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది మడతలాగే నిలబడిపోయింది. "పాగల్, బచ్చా సూఖ్ గయా!" అని అరిచింది. ఒంట్లో నీళ్లు అయిపోయి బిడ్డ ఎండిపోయాడని. ఆ మడత మెల్లగా, ఎంతో మెల్లగా దిగడం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

అప్పట్లో గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఉండేది. పండగ రద్దీకి ఒక్క ఆటో లేదు. ఖాలా ముందు జనాన్ని తోసుకుంటూ, వెనక నేను, కాళ్లకి పసుపుతో. సెలైన్‌కి చేతుల్లో నరం దొరక్క తలలో గుచ్చారు. రాత్రి ఏడు దాటాక వాడి కింద పరిచిన గుడ్డ తడిసింది. నర్సు నవ్వింది. నేను ఆ గుడ్డ ముఖానికి అదుముకుని ఏడ్చాను.

ఆ గుడి కథ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. 1813లో ఊళ్లో కలరా వస్తే, పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడనీ, 1815లో ఇక్కడ అమ్మవారిని నిలబెట్టాడనీ చెప్తారు. ఒంట్లో నీళ్లు పోయి జనం చచ్చిపోతుంటే వచ్చిన తల్లి. ఆమె గుడి ముందే నిలబడ్డాను, ఇంట్లో పిల్లాణ్ని ఎండబెట్టి. మిగతా రెండేళ్లూ బోనం ఎత్తాను, నమ్మకం పోలేదు. కానీ "నువ్వు చూసుకో" అన్న మాట మళ్లీ అనలేదు. నాకు చూపు ఇవ్వమంటాను, అంతే.

నువ్వు పూజలు చెయ్యవని మీ అమ్మకి బెంగ. నాకు లేదు. పిల్లకి జలుబు చేసినా, ఉద్యోగానికి పోయినందుకే అంటారు, ఆ మాటలకి కుంగిపోకు. నేను ఉద్యోగం చెయ్యలేదే! ఇంటిపట్టునే ఉండి చేసిన నిర్వాకం ఇది.

మోషన్స్ పట్టుకుంటే పళ్లు అని ఎవరన్నా వినకు. ఇంత చిన్నపిల్ల, ఆగకుండా డాక్టర్ దగ్గరికి పో. పాలు మాత్రం ఆపొద్దు. ఓఆర్ఎస్ ఇమ్మంటే మందుల షాపులో ప్యాకెట్ అడుగు, లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలుపు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టు, 24 గంటలు దాటితే పారబొయ్యి. డబ్బాల్లో తియ్యటి జ్యూసులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు కొట్లాడితే 2025 అక్టోబరులో ఆ పేరు పెట్టకూడదన్నారు. అయినా కవర్ మీద చదువు.

ఇంకో మాట. మాకు లంగోటా తడిసిందో లేదో చేతికి తెలిసేది. మీ డైపర్లు తడిని మింగేసి పైకి పొడిగా కనిపిస్తాయి. విప్పినప్పుడల్లా చేత్తో బరువు చూడు. రోజుకి ఆరుసార్లన్నా ఉచ్చ పొయ్యాలి. క్రెష్ ఆయమ్మతో కూడా లెక్క రాయించు, గొణిగితే గొణగనీ.

ఆదివారం నేనొస్తున్నా. రానక్కర్లేదన్నావని తెలుసు, రెండు రోజులే ఉంటా. ఈలోపు రాత్రి పడుకునే ముందు, ఇవాళ ఎన్నిసార్లు పోసిందో ఒక్క అంకె మెసేజ్ పెట్టు. అల్లుడు నవ్వితే నవ్వనీ.

మీ పెద్దమ్మ