క్యాంపస్ ప్లేస్‌మెంట్లు లేని కాలేజీలో బీకాం చదువుతున్నాను. ఉద్యోగానికి ఇప్పటి నుంచే ఎలా సిద్ధపడాలి?

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు పొదిలి దగ్గర పల్లె నుంచి రోజూ ఒంగోలు వచ్చి బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. కాలేజీకి కంపెనీలు రావు. ఒక ఫ్రెండ్ పైథాన్ నేర్చుకోమంటున్నాడు, ఇంకొకడు బ్యాంక్ కోచింగ్ అంటున్నాడు, పొగాకు పండించే నాన్నగారేమో గ్రూప్స్ రాయమంటున్నారు. మిగిలిన ఏడాదిన్నరలో ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశాడు.

తమ్ముడూ, నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. నేనూ ఆ పొదిలి బస్సులోనే మూడేళ్లు తిరిగాను. కాకపోతే చీమకుర్తిలో ఎక్కేదాన్ని, అప్పటికే నీలాంటి వాళ్లు సీట్లన్నీ పట్టేసి ఉండేవాళ్లు. 2015లో బీకాంలో చేరి 2018లో బయటపడ్డాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో జీఎస్‌టీ పనులు చూస్తున్నాను. పెద్ద హోదా ఏమీ కాదు. కానీ నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావో నాకు బాగా తెలుసు.

మొదటి రెండేళ్లు నేను వెలగబెట్టిందేమీ లేదు. పరీక్షకు ముందు పది ప్రశ్నలు బట్టీ పట్టడం, రాసి రావడం. రెండో ఏడాది వేసవిలో మాత్రం నాన్నని బతిమాలి నాలుగు వేల ఐదు వందలు కట్టి, కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ కోర్సులో చేరాను. ఉద్యోగం గ్యారంటీ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. మూడు నెలల పాటు ‘ఏబీసీ ట్రేడర్స్’ అనే లేని కంపెనీకి లేని సరుకు కొని, లేని మనిషికి అమ్మి, లేని డబ్బు బ్యాంకులో వేశాను. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్8 సేల్స్ అని వేళ్లకు అలవాటైంది గానీ, ఏ కాగితం చూసి ఏ మీట నొక్కాలో తెలియలేదు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ భద్రంగా ఉంది, అమ్మ రేషన్ కార్డు దాచే కవర్లో.

నా చదువు నిజంగా మొదలైంది 2017 జూలైలో. మా నాన్న చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, ఆ గెలాక్సీ గ్రానైట్. ఆ నెల ఒకటో తారీఖున వ్యాట్ పోయి జీఎస్‌టీ వచ్చింది. పాత బిల్లు పుస్తకాలు పనికిరాకుండా పోయాయి. ఫ్యాక్టరీ గుమాస్తా పెద్దాయన, ఆయనకి కంప్యూటరంటే భయం. ‘మీ అమ్మాయి కంప్యూటర్ బీకామే కదా, నాతో ఒకసారి ఆడిటర్ గారి దగ్గరికి పంపు’ అని నాన్నని అడిగాడు. బిల్లుల సంచి మోసుకుంటూ ఆయన వెనకాల లాయర్‌పేటలోని ఆఫీసుకు వెళ్లాను. లోపల అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకీ, నాకూ ఆ పన్ను సమానంగా కొత్తే. ఆడిటర్ గారు నన్ను ఎగాదిగా చూసి, ‘టైపింగ్ వచ్చా? రేపు కాలేజీ అయ్యాక రా’ అన్నారు. అదే నా ఇంటర్వ్యూ.

ఆ ఆగస్టు 20న మొదటి 3బీ రిటర్ను, అంటే నెల జీఎస్‌టీ లెక్క, వేయాలి. దేశమంతా ఒకేసారి జీఎస్‌టీ సైటు మీద పడింది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి పదేసి నిమిషాలు. చివరికి గడువు 25కి పెంచారు. ఆ వారం రోజులు నేను ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. అమ్మ చీమకుర్తి బస్టాండులో నిలబడి ఉండేది, మాట్లాడేది కాదు, ముందు నడిచేది. ఆఫీసులో పని చేసే అక్క రోజూ నన్ను బస్సెక్కించి, బస్సు కదిలాక అమ్మకి ఫోన్ చేసి చెప్పేది. ఆ అక్కే లేకపోతే నన్ను మూడో రోజే మానిపించేవాళ్లు. ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ సంగతి ముందే కనుక్కోండి. పని ఎంత మంచిదైనా, ఇంటికి ఎలా చేరతామన్నది తేలకుండా చేరొద్దు.

ఇక అసలు కథ. 2018 జనవరిలో చెన్నై పార్టీకి పంపిన పాలిష్ స్లాబుల బిల్లు ట్యాలీలో ఎక్కించాను. కొనేవాళ్ల జీఎస్‌టీ నంబరు 33తో మొదలవుతుంది, అంటే తమిళనాడు. మనది 37. వేరే రాష్ట్రానికి పోయే సరుకు కాబట్టి మొత్తం 18 శాతం ఐజీఎస్‌టీ పడాలి. బిల్లు మీద గుమాస్తా సరిగ్గానే రాశాడు. నేను మాత్రం ఆ పార్టీ ఖాతా తెరిచేటప్పుడు రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ అని వదిలేశాను. ట్యాలీ దాన్ని 9, 9గా విడగొట్టి సగం కేంద్రానికి, సగం మన రాష్ట్రానికి వేసింది. రిటర్ను అలాగే వెళ్లిపోయింది. నెల తిరిగాక చెన్నై నుంచి వాళ్ల అకౌంటెంట్ ఫోన్, మేం కట్టిన పన్నుకి మాకు రావాల్సిన క్రెడిట్ ఏదీ అని. ఆడిటర్ గారు రిజిస్టర్ నా ముందు పడేసి, ‘ఏందమ్మాయ్ ఇది, మద్రాసోళ్లతో 1953లోనే విడిపోయాం గదా, నువ్వు మళ్లీ కలిపేశావేంది?’ అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఏమిటంటే, ఆ తప్పుని నా చేతే సరిచేయించారు. ఐజీఎస్‌టీ మళ్లీ కట్టాలి, తప్పు ఖాతాలో కట్టినదానికి రీఫండ్ అడగాలి. వడ్డీ పడదు గానీ ఫ్యాక్టరీ డబ్బు అన్నాళ్లు ఇరుక్కుపోయినట్టే. చెన్నై అకౌంటెంట్‌కి ఫోన్ చేసి సంజాయిషీ చెప్పమన్నదీ నన్నే. ఆయనకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. ఇద్దరికీ వచ్చింది ముక్కముక్కల ఇంగ్లీషు. తప్పు ఇన్వాయిస్ నంబరు, తేదీ, సవరణ ఏ నెల రిటర్నులో వస్తుంది, ఇవి కాగితం మీద రాసుకుని చూస్తూ చదివాను. నాలుగోసారి ఫోన్ చేసేటప్పటికి కాగితం అక్కర్లేకపోయింది. కమ్యూనికేషన్ స్కిల్స్ అని కాలేజీలో ఒక పేపర్ ఉండేది, అందులో నాకు 71 మార్కులు. అవి ఆ ఫోన్‌లో ఒక్క మాటకీ పనికిరాలేదు.

నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. తప్పు చేస్తే ఎవరో ఒకరికి నిజంగా నష్టం వచ్చే పని ఏదో ఒకటి, చిన్నదైనా సరే, చదువు అయ్యేలోపు చేతిలోకి తీసుకో. కోర్సుల్లో తప్పు చేస్తే ఎర్ర గీత పడుతుంది, అంతే. కంపెనీలు మన ఊళ్లకు రావన్నది నిజమే. కానీ వ్యాపారం లేని ఊరు ఏది? చీమకుర్తిలో రాయి, మార్కాపురంలో పలకలు, నెల్లూరు వైపు వెళ్తే రొయ్యలు, పొదలకూరులో నిమ్మకాయలు. ప్రతి దాని వెనకా బిల్లులున్నాయి, లారీలున్నాయి, బ్యాంకు లోన్లున్నాయి, పన్నులున్నాయి. ఆ లెక్కలు రాసే మనుషులు మన కళ్లెదుటే ఉన్నారు, మనమే వాళ్లని ఉద్యోగస్తులుగా లెక్కలోకి తీసుకోం.

పైథాన్ విషయం. నేర్చుకుంటే తప్పేం లేదు. కానీ ఎక్సెల్‌లో రెండు పట్టికలు పోల్చడం రాని వాడు పైథాన్‌తో ఏం పోలుస్తాడు? ముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టు. నాన్నగారు పొగాకు వేలంలో అమ్మి తెచ్చిన బిల్లులు రెండేళ్లవి తీసుకో. ఏ బేలు ఎన్ని కిలోలు, ఏ రేటు పలికింది, వచ్చే డబ్బులో ఏమేం కోత పెట్టారు, డబ్బు బ్యాంకులో ఏ రోజు పడింది, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించు. తర్వాత పాస్‌బుక్‌తో కలిపి చూడు, తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టు. ఆఫీసుల్లో మేము నెల నెలా చేసేదీ దాదాపు ఇదే. జీఎస్‌టీ పోర్టల్‌లో 14వ తేదీన వచ్చే 2బీని, అంటే మాకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితాని, మా కొనుగోళ్ల రిజిస్టర్‌తో కలిపి, ఎవరు బిల్లు ఎక్కించలేదో పట్టుకోవడం. పేరు రికన్సిలియేషన్, పని మాత్రం అదే. పైగా ఈ వంకతో నాన్నగారితో నాలుగు సాయంత్రాలు కూర్చుంటావు, గ్రూప్స్ గొడవ కూడా కాస్త చల్లబడుతుంది.

గ్రూప్స్ రాయొద్దని అనను. మా బ్యాచ్‌లో ఇద్దరు రాశారు. 2018 డిసెంబరు ఆఖరులో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది, ఆ తర్వాతది 2023 డిసెంబరులో. నడుమ అయిదేళ్లు. ఆ అయిదేళ్లూ ఒంగోలులో రూము అద్దె కడుతూ కూర్చున్నవాడి సంగతి నాకు తెలుసు, ఇక్కడ రాయను. రాయాలనుంటే చేతిలో ఇంకో పని ఉంచుకుని రాయి. బ్యాంకు పరీక్షలు అలా కాదు, ఏటా వస్తాయి, డిగ్రీ ఉంటే చాలు. రోజూ బస్సులో ఒక గంట లెక్కలు, రీజనింగ్ చేసుకున్నా అవి ఎటూ పోవు. సీఏ మీద మనసుంటే కామర్స్ డిగ్రీలో 55 శాతం తెచ్చుకో, ఫౌండేషన్ అనే మొదటి మెట్టు లేకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. 2023లో ఆర్టికల్‌షిప్‌ని, అంటే సీఏ దగ్గర చేయాల్సిన శిక్షణని కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. నేను ప్రయత్నించలేదు, ఇంట్లో పరిస్థితి అది.

మీకు మాకు లేని ఒక అదృష్టం ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇప్పుడు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టరంతా. మా చిన్నాన్న కొడుకు ఏం చేశాడో తెలుసా? తెలిసిన షాపులో స్టాంపు వేయించుకుని, రిపోర్టు ఎవరితోనో రాయించుకుని, ఆ రెండు నెలలూ క్రికెట్ ఆడాడు. వాడి క్లాసులో చాలామంది అదే చేశారట. కాలేజీ కాగితం మీద ‘మా విద్యార్థికి అవకాశం ఇవ్వండి’ అని రాసి ఇస్తుంటే దాన్ని పట్టుకుని ఏ ఆఫీసు మెట్లైనా ఎక్కొచ్చు. నాకు ఆ కాగితం ఉండుంటే గుమాస్తా సంచి మోయక్కర్లేకపోయేది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నాకు మొదటి మూడు నెలలు రూపాయి ఇవ్వలేదు, నాలుగో నెల నుంచి రెండు వేలు. ఆడిటర్ గారంటే నాకు గౌరవమే, కానీ అది న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నెల రోజులు ఊరికే నేర్చుకో. ఆ తర్వాత నోరు తెరిచి అడుగు. ఇవ్వకపోతే ఇంకో ఆఫీసు చూసుకో.

డిగ్రీ అయ్యాక వెంటనే ఉద్యోగం వచ్చేసిందనుకోకు. ఆరు నెలలు ఖాళీ. సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఆ ఆఫీసు క్లయింటు ఒకాయన చెబితే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాను. మిగతా ఇద్దరూ సిటీలో చదివినవాళ్లు, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతున్నారు. నన్ను ‘మీరు ఎదుర్కొన్న సమస్య ఒకటి చెప్పండి’ అంటే చెన్నై బిల్లు కథ చెప్పాను, సగం తెలుగులోనే. రీఫండ్ ఎలా అడిగారని గుచ్చి గుచ్చి అడిగారు. అయినా నన్ను తీసుకోలేదు. నెల తర్వాత, తీసుకున్న అబ్బాయి మానేశాడని వాళ్లే ఫోన్ చేశారు. జీతం పద్నాలుగు వేలు, హాస్టల్‌కి అయిదున్నర వేలు పోయేవి.

చివరగా ఒక చిన్న విషయం. ఆడిటర్ ఆఫీసుకు వెళ్లి అడగాలనుకుంటే తేదీ చూసుకుని వెళ్లు. 11న అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1, 20న 3బీ, ఆ రోజుల్లో నిన్ను కూర్చోమనే మనిషి కూడా ఉండడు. జూలైలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, సెప్టెంబరులో ఆడిట్ రిపోర్టులు. ఆ హడావుడి తగ్గాక, నెలలో 22 దాటిన రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లు. మీ పొగాకు లెక్కల ఎక్సెల్ ప్రింటు తీసి వెంట పట్టుకెళ్లు.