ఎండతో నీళ్ల నుంచి హైడ్రోజన్... అమ్మాయిని ఈ దారిలో పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే పొడుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పొడి సంగతి చెబుతాను, మీ టెన్షన్ సగం దాని గురించే కదా. గోడలకేసే రంగుల్లో కలిపే తెల్లపొడి, టైటానియం డయాక్సైడ్, మీకు తెలిసే ఉంటుంది. దానితో చేసిన ఎలక్ట్రోడ్ మీద కాంతి పడితే నీరు విడిపోతుందని జపాన్‌లో ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు. చిక్కల్లా ఏమిటంటే, అది పట్టుకునేది అతినీలలోహిత కిరణాలనే. మన గుంటూరు మే నెల ఎండలో కూడా అవి నూటికి నాలుగైదు పాళ్లే! అందుకే అందులో చిటికెడు వేరే మూలకం చేరుస్తారు. అదే డోపింగ్. యూరియాతో కలిపి నూరి ఫర్నేస్‌లో కాలిస్తే నైట్రోజన్ చేరి తెల్లపొడి లేత పసుపుగా బయటికొస్తుంది. రంగు తిరిగిందంటే మామూలు వెలుగును కూడా కొంత పీలుస్తోందన్నమాట. అయితే ఇది పప్పులో ఇంగువ లాంటిది. మోతాదు మించితే ఎలక్ట్రాన్లు నీటిదాకా రాకుండా దారిలోనే చిక్కుకుపోతాయి.

ఇక ఉద్యోగాలు. జపాన్‌లోనే అల్యూమినియం డోప్ చేసిన స్ట్రాన్షియం టైటనేట్‌తో వంద చదరపు మీటర్ల ప్యానెళ్లు పెడితే, ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది 0.76 శాతం. కాబట్టి ఈ పొడి పేరుతో కంపెనీల్లో కొలువులు ఇప్పట్లో ఆశించకండి. కేంద్రం 2023లో రూ.19,744 కోట్లతో ప్రకటించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఉందిగా అంటారేమో, అక్కడ ప్రధానంగా నడిచేది కరెంటుతో నీటిని విడగొట్టే పద్ధతి.

అయినా నేను వద్దనను. పొడి తయారుచేయడం, అందులో పరమాణువుల అమరిక చెప్పే ఎక్స్-రే డిఫ్రాక్షన్ గ్రాఫ్ చదవడం, ఏ గ్యాస్ ఎంత వచ్చిందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద పనిచేయడం వస్తే బ్యాటరీలు, రంగులు, ఫార్మా అన్నిచోట్లా పనికొస్తుంది. ఐఐటీల్లాంటి చోట ఎమ్మెస్సీ సీటుకు పెట్టే జామ్ పరీక్ష రాసి మంచి చోట ఎమ్మెస్సీ, తర్వాత రీసెర్చ్ ఫెలోషిప్ కోసం సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో ఆ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు రూ.37,000, పైన ఇంటి అద్దె భత్యం. మైనర్‌గా ఫిజిక్స్ తీసుకోకపోతే మాత్రం బ్యాండ్ గ్యాప్ (పదార్థంలో ఎలక్ట్రాన్ కదలాలంటే దాటాల్సిన శక్తి అంతరం) పాఠం ఇప్పుడే మొదలుపెట్టమనండి, డోపింగ్‌లో సగం ఫిజిక్సే. బీఈడీ అంటారా, అది ఎక్కడికీ పోదు.

ఈ వేసవిలో నాగార్జున యూనివర్సిటీలోనో, హైదరాబాద్‌లోని కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో నెలన్నర ప్రాజెక్టుకు అడిగి చూడమనండి. ఒకే శాంపిల్‌ను నాలుగోసారి కాల్చాల్సి వచ్చినప్పుడు విసుక్కుందా, ఎందుకు రాలేదని తవ్విందా... అది చూసి నాకు మళ్లీ రాయండి.