చేతి ముద్రలున్న రూపాయి, రెండు రూపాయల నాణేలు సేకరించాలంటే ఎలా మొదలుపెట్టాలి? వాటికి విలువ ఉంటుందా?

ఈ సిరీస్ 2007లో మొదలైంది. రూపాయి మీద పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తిన చెయ్యి ఉంటుంది. నాట్యంలో దాన్ని శిఖరం అంటారు, కూచిపూడి నేర్చుకునే పిల్లలు కూడా చెప్పేస్తారు. రెండు రూపాయల మీద చాచిన రెండు వేళ్లు, 2008లో వచ్చిన యాభై పైసల మీద మూసిన పిడికిలి. వేళ్లు చూస్తేనే విలువ తెలుస్తుంది, అదే ఈ డిజైన్‌లో నాకు నచ్చేది. అప్పటి స్టీల్ ఐదు రూపాయల మీద మాత్రం చెయ్యి లేదు, అలల గీతలున్నాయి. 2011లో రూపాయి గుర్తున్న నాణేలు వచ్చాక ముద్రలు ఆగిపోయాయి.

అసలు సరదా సంవత్సరం అంకెల కింద ఉంది. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. చుక్క నోయిడాది, డైమండ్ ముంబైది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. భూతద్దం పెట్టి చూడండి, అరిగిన నాణెం మీద నక్షత్రం కూడా చుక్కలాగే కనిపిస్తుంది. సంవత్సరం, టంకశాల కలిపి సెట్ చేసుకుంటూ పోతే చాలాకాలం పని దొరుకుతుంది.

కిరాణా కొట్లో, బస్సులో వచ్చే చిల్లరే చాలు, కొననక్కర్లేదు. యాభై పైసలు చెల్లుతుంది గానీ ఎవరూ తీసుకోరు కాబట్టి ఇంట్లో పాత డబ్బాలు వెతకండి. చింతపండు పెట్టి తోమొద్దు, గీతలు పడతాయి. ఇక విలువంటారా, వాడిన రూపాయి రూపాయే. లక్షలిస్తామనే ఆన్‌లైన్ ప్రకటనలు నమ్మి ఎవరికీ ముందుగా ఫీజు కట్టకండి.