ముసుగు వేసినట్టా, తీసినట్టా?

సందేహం: మాస్టారూ, మాది అమలాపురం దగ్గరండి. గింప్, డార్క్‌టేబుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఫొటోలు దిద్దుకోవడం తెలుగులో నేర్పుతున్నాను. మార్పు ఫొటోలో ఎక్కడ పడాలో చెప్పే సెలెక్టివ్ మాస్కును ‘ఎంపిక ముసుగు’ అని, ఒక్కచోటే చేసే మార్పుల్ని, అంటే లోకల్ అడ్జస్ట్‌మెంట్లను ‘స్థానిక సర్దుబాట్లు’ అని, మాస్కు అంచును మెత్తబరిచే ఫెదర్‌ను ‘ఈక’ అని చెబుతున్నాను. “ముసుగు వేసిన చోట మార్పు వస్తుందా, రాదా?” అని అందరూ అదే అడుగుతున్నారు. తప్పెక్కడ?

సమాధానం: మీ పాఠంలో కాదండి, ముసుగులోనే ఉంది. తెలుగులో ముసుగు పని దాచడం. ముసుగు తన్ని పడుకున్నాడంటే మనిషి కనపడడు, ముసుగులో గుద్దులాట అంటే ఎవరు ఎవర్ని గుద్దుతున్నారో తెలీదు. డార్క్‌టేబుల్లో ఒక ఫొటో చూడండి, కాలువలో పడవ, వెనకాల తెల్లగా వెలిగిపోతున్న ఆకాశం, పడవ మీద మనిషి ముఖం నల్లగా పడింది. ఫొటో మొత్తానికి వెలుతురు పెంచితే ఉన్న ఆకాశం కాస్తా పోతుంది కాబట్టి ముఖం చుట్టూ గీత గీసి ఆ లోపలే పెంచుతారు. ఆ గీసిన చోటుకు ‘ముసుగు వేశాం’ అన్నారనుకోండి, వినేవాడు ముఖం దాచేశారనుకుంటాడు, జరిగింది దానికి సరిగ్గా తిరగబడి!

అయితే గింప్ లేయర్ మాస్కులో, అంటే ఒక పొరకు తగిలించే మాస్కులో, ముసుగు సగం నిజమే. అక్కడ నల్లరంగు పూస్తే ఆ పొర దాగుతుంది, తెలుపు పూస్తే కనపడుతుంది, బూడిదరంగు పూస్తే అంతంత మాత్రం. మనవైపు వాళ్లకి ఇది చెప్పడానికి నిఘంటువు ఎందుకండీ, పంటబోదె మీద తూము ఉంది కదా. నీళ్లు వదిలే లస్కరు తూము తలుపు పూర్తిగా ఎత్తితే తెలుపు, దించేస్తే నలుపు, సగానికి ఎత్తితే బూడిద. నీళ్లు ఏ చేలోకి వెళ్లాలో తూము చెప్పినట్టే, మార్పు ఎక్కడ పారాలో మాస్కు చెబుతుంది. అలాగని మాస్కును తూము అనమని కాదు, మీ వాళ్లు నవ్విపోతారు.

నా సలహా, మాస్కును మాస్కుగానే ఉంచండి. 2020 తర్వాత ఆ మాట తెలియని ఊరు లేదు. బస్సు, కారు లాగే చివర ఉకారం చేర్చుకుని మనలో కలిసిపోయింది, బహువచనం మాస్కులు. మీరు జాగ్రత్త పడాల్సింది దాని వెనకొచ్చే క్రియ దగ్గర. ‘మాస్కు వేయండి’ అంటే మళ్లీ మూతి కప్పడమే గుర్తొస్తుంది. ‘ముఖం చుట్టూ మాస్కు గీయండి, మార్పు ఆ లోపలే పడుతుంది’ అనండి, ఆ ప్రశ్న మళ్లీ రాదు. మాస్కు లోపలా బయటా తారుమారు చేసే ఇన్వర్ట్‌కి ‘తిరగేయండి’ చాలు. ఇక పారామెట్రిక్ మాస్కు, మీరు పంపిన పాఠంలో ‘పారామితీయ ముసుగు’ అని చూసి నాకే కాసేపు టెన్షన్ వచ్చింది. గీత గీయకుండా, ఇంతకంటే వెలుతురున్న చోటో, ఫలానా రంగున్న చోటో దానంతటదే పట్టుకునే మాస్కు కదా అది. ‘వెలుగును బట్టి మాస్కు, రంగును బట్టి మాస్కు’ అంటే సరిపోయె. ‘బట్టి’ ఉండగా పారామితి దేనికి?

‘స్థానిక సర్దుబాట్లు’ వింటే పంచాయతీ ఎన్నికల్లో సీట్ల బేరం అనుకుంటారు. సర్దుబాటంటే మనకు ఉన్నదాంతో సరిపెట్టుకోవడం. ఇక్కడ జరిగేది దిద్దడం. బొట్టు దిద్దుతాం, పిల్లాడి చేత అక్షరాలు దిద్దిస్తాం, ఫొటోలో ముఖమూ అంతే. మీ ఉత్తరంలో మీరే ‘దిద్దుకోవడం’ అని చక్కగా రాసి, పాఠంలోకి రాగానే ఎందుకు వదిలేశారో! ‘ఆ ఒక్కచోటే దిద్దడం’ అనండి.

ఈకకు ఈక, తోకకు తోక పీకడమే మా పండితుల పని అంటారు గానీ, మీ ‘ఈక’ను మాత్రం నిజంగానే పీకేయాలి. ఫెదర్ చేసేది అంచు తెలియకుండా కలిపేయడం, కాటుక పెట్టి చివర వేలితో అలికినట్టు. ‘అంచు పలచన చేయండి’ అనండి. డార్క్‌టేబుల్లో గుండ్రటి మాస్కు గీశాక షిఫ్ట్ నొక్కి పట్టుకుని మౌసు చక్రం తిప్పితే అంచు పలచబడుతుంది, షిఫ్ట్ లేకుండా తిప్పితే గుండ్రమే పెద్దదవుతుంది. ఈ రెండూ పక్కపక్కన చేసి చూపించండి.