మాటల్లేని సంగీతం మీద రాసేటప్పుడు

తమ్ముడికి,

కెనడాలోని మాంట్రియల్ బ్యాండ్ గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇష్టం కనపడుతోంది, బ్యాండ్ కనపడటం లేదు. ‘విషాద సముద్రం’, ‘ఆత్మను కుదిపే నాదం’ లాంటి మాటలతో మొదటి పేజీ నిండిపోయింది. అక్కడ ఇంకే పోస్ట్-రాక్ (రాక్ వాద్యాలతోనే, ఎక్కువగా పాట లేకుండా సాగే సంగీతం) బ్యాండ్ పేరు పెట్టినా ఆ పేజీ అలాగే నడిచిపోతుంది.

ఇది నీ ఒక్కడి ఇబ్బంది కాదు. వీణ మీద తెలిసిన కీర్తన వాయిస్తుంటే సాహిత్యం లోపల్లోపల మనమే పాడుకుంటాం. సినిమాలో బీజీఎమ్ వస్తే అర్థం తెర మీదే ఉంటుంది. ఈ మాంట్రియల్ వాళ్ల ఇరవై నిమిషాల ట్రాక్‌కి ఆ రెండు ఆసరాలూ లేవు. ఆ ఖాళీలో మనం విశేషణాలు పోస్తాం. పోయకు. ఏం వినిపించిందో రాయి.

2000లో వచ్చిన ‘లిఫ్ట్ యువర్ స్కిన్నీ ఫిస్ట్స్ లైక్ ఆంటెనాస్ టు హెవెన్’ తీసుకో. రెండు డిస్కులు, నాలుగే ట్రాకులు. మొదటిది ‘స్టార్మ్’. డ్రమ్స్ ఎక్కడ చేరాయి, ఎక్కడ ఊపందుకుంది, ఎక్కడ విరిగింది, టైమ్ చూసుకుంటూ కాగితం మీద రాసుకో. దాని చివర్లో ఒక పెట్రోల్ బంకు స్టోర్ అనౌన్స్‌మెంట్ వస్తుంది. ‘స్లీప్’ మొదట్లో ఒక ముసలాయన కోనీ ఐలాండ్ బీచ్‌లో జనం నిద్రపోయిన రోజుల్ని తలుచుకుంటాడు. నువ్వు ‘ఇన్‌స్ట్రుమెంటల్ బ్యాండ్’ అని రాసి ఊరుకున్నావు, ఈ గొంతుల సంగతే ఎత్తలేదు. పాట పాడకుండానే మనుషుల్ని రికార్డులోకి తెచ్చుకునే పద్ధతి వాళ్లది.

ఇక సైడ్ ప్రాజెక్టులు, అంటే ఈ బ్యాండ్ వాళ్లు విడిగా పెట్టుకున్న బృందాలు. వాటిని చివర్లో పేర్ల జాబితాగా కట్టేశావు. నన్నడిగితే వ్యాసం అక్కడ మొదలవ్వాలి. అప్పటి తొమ్మిది మంది కలిసి వాయిస్తుంటే ఎవరి చెయ్యి ఏదో చెవికి దొరకదు. అందులోంచి ఎఫ్రిమ్ మెనుక్, సోఫీ ట్రూడో, థియరీ అమార్ 1999లో ఎ సిల్వర్ మౌంట్ జయన్ మొదలుపెట్టారు. మరుసటి ఏడు వచ్చిన తొలి ఆల్బమ్‌ని మెనుక్ చనిపోయిన తన కుక్క వాండా జ్ఞాపకంగా చేశాడు. పియానో, వయొలిన్, డబుల్ బాస్, వాటి మధ్య బోలెడంత చోటు. అది నాలుగు సార్లు విని మళ్లీ ‘స్టార్మ్’ పెట్టు. గుంపులోంచి ట్రూడో వయొలిన్ విడిగా వినపడుతుంది. తర్వాతి ఆల్బమ్‌లలో మెనుక్ వణికే గొంతుతో పాడతాడు. అది భరించలేని అభిమానులు చాలామందే ఉన్నారు, నాకు మాత్రం ఇష్టం. నీకు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయి, ‘వైవిధ్యభరితం’ అని తప్పించుకోకు.

గాడ్‌స్పీడ్ గిటారిస్టు డేవిడ్ బ్రయంట్ ఉన్న సెట్ ఫైర్ టు ఫ్లేమ్స్ బృందం తొలి ఆల్బమ్ (2001) ఒక పాత ఇంట్లో రికార్డయింది. నేల కిర్రుమనడం, బయటి చప్పుళ్లు అలాగే ఉంచేశారు. గాడ్‌స్పీడ్‌లో ఒకప్పుడు డ్రమ్స్ వాయించిన బ్రూస్ కాడ్రన్, ఎస్మరిన్ అనే తన ఇంకో బృందంలో మరింబా (చెక్క పలకల మీద కొట్టి వాయించే వాద్యం) దగ్గరికి వెళ్తే వేరే మనిషిలా ఉంటాడు. ఇవన్నీ ఒకే వారంలో వినేయక్కర్లేదు.

ఇంకో మాట. రాజకీయం వదిలేసి ఈ బ్యాండ్ మీద రాయడం కుదరదు. 2002 నాటి ‘యాంకీ యు.ఎక్స్.ఓ.’ ఆల్బమ్ వెనక అట్ట మీద రికార్డు కంపెనీలకీ ఆయుధ కంపెనీలకీ మధ్య గీతలు గీశారు. 2024 ఆల్బమ్‌కైతే గాజాలో ఫిబ్రవరి 13 నాటికి చనిపోయినవాళ్ల లెక్క, 28,340, అదే పేరు. సంగీతంలో లేని మాటలు అట్ట మీద ఉన్నాయి. అవి కూడా చదవాలి.

రెండో డ్రాఫ్ట్‌లో మొత్తం డిస్కోగ్రఫీ పెట్టకు. వాండా కోసం చేసిన ఆల్బమ్, ‘స్టార్మ్’, ఈ రెండూ చాలు. నెలాఖరుకి పంపు. ‘స్టార్మ్’ రెండో సగం నీకు అంత గొప్పగా ఎందుకనిపించిందో నాకింకా అర్థం కాలేదు, దాని మీద గొడవపడదాం.

ఉంటాను,
అన్నయ్య