చదువుకున్నవాళ్ళే ఓటు వేయని చోట వాళ్ళను పోలింగ్ కేంద్రం దాకా ఎలా తీసుకువెళ్ళాలి?

మీ అపార్ట్‌మెంటులో అందరూ ఉద్యోగస్థులే అయినా పోలింగ్ రోజున సగం మంది గడప దాటరని, అడిగితే "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అంటారని, వాళ్ళకు ఎలా నచ్చజెప్పాలని మీరు అడిగారు. నేను తిరుపతిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎన్నికల విధులు చాలాసార్లు చేశాను. ఆ తర్వాత మా బైరాగిపట్టెడలో ఇల్లిల్లూ తిరిగి ఓటు వేయమని చెప్పాను కూడా. నా సలహా ఒక్కటే. నచ్చజెప్పడం పక్కన పెట్టి, ముందు వాళ్ళ పేరు ఏ పోలింగ్ కేంద్రం జాబితాలో ఉందో కనుక్కోండి.

ఈ సంగతి నాకు నా పొరపాటు వల్లనే తెలిసింది. ఒకసారి పక్క నియోజకవర్గంలో ప్రిసైడింగ్ అధికారిగా విధులు పడ్డాయి. శిక్షణ తరగతిలో పోస్టల్ బ్యాలెట్ కోసం ఫారం 12 ఇచ్చారు. రేపు ఇద్దాంలే అని దాన్ని సంచిలో పెట్టుకున్నాను. ఆ రేపు రాకముందే గడువు దాటిపోయింది. పోలింగ్ రోజున తెల్లవారుజామున యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే మాక్ పోల్ జరిపించింది మొదలు అర్ధరాత్రి యంత్రాలు అప్పజెప్పేదాకా వందల మంది చేత ఓటు వేయించిన నేను, నా ఓటు మాత్రం వేయలేదు. ఎన్నికల మీద నమ్మకం లేక కాదు, ఒక కాగితం వేళకు ఇవ్వకపోవడం వల్ల.

తిరుపతిలో అద్దె ఇళ్ళవాళ్ళు చాలా ఎక్కువ. కొండమీద ఉద్యోగమనో, పిల్లల చదువులనో మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి, అటు నెల్లూరు వైపు నుంచి వచ్చి రెండేళ్ళకో ఇల్లు మారేవాళ్ళ పేర్లు పాత వీధిలోనో సొంత ఊళ్ళోనో ఉండిపోతాయి. పోలింగ్ కేంద్రంలో మొదటి అధికారి పేరు గట్టిగా చదివినప్పుడు, ఎదురుగా కూర్చున్న పార్టీల ఏజెంట్లు "ఆ ఇంట్లో వాళ్ళు ఖాళీ చేసి నాలుగేళ్ళయింది సార్" అనడం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఇలా ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, రెండు చోట్ల పేరున్నవాళ్ళు అందరూ కలిసి పోలింగ్ శాతాన్ని కిందికి లాగుతారు. దాన్నంతా మనం నిర్లిప్తత ఖాతాలో వేసేస్తాం.

అలాగని నిర్లిప్తత లేదనను. 2024 మే 13న రాష్ట్రం మొత్తం మీద పోలింగ్ 80 శాతం దాటితే, తిరుపతి నగరంలో మాత్రం పక్కనే ఆనుకుని ఉన్న చంద్రగిరి కంటే బాగా తక్కువ నమోదైంది. ఆ రోజు సోమవారం. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజుల సెలవు దొరికిందని కొందరు ఊళ్ళు తిరగడానికి వెళ్ళారు. అదే సమయంలో బెంగళూరు, హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో నిలబడి ఓటు కోసం వచ్చిన పిల్లలూ ఉన్నారు.

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన ప్రతిసారీ పొద్దున ఏడు గంటలకు ముందే వరుసలో నిలబడి, ఓటు వేసి వచ్చాకే బొగ్గులు రాజేస్తాడు. ఒకసారి నేను మేడల్లో వాళ్ళ గురించి విసుక్కుంటే, ఎడమ చేతి చూపుడువేలి మీద సిరా ఇంకా ఆరకముందే చొక్కా మడత పెడుతూ, "వాళ్ళకేముంది సామీ, నీళ్ళు లేకుంటే ట్యాంకరు తెప్పిస్తారు, కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. మాకట్లా కాదే, పింఛనుకైనా రేషనుకైనా ఆయప్పల దగ్గరికే కదా పోవాల" అన్నాడు. అంతకంటే సరైన కారణం నాకు ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

అందువల్ల మేడల్లో వాళ్ళతో బాధ్యత, హక్కు అనే మాటలు వాడడం మానేశాను. డబ్బు పెట్టి కొనుక్కోలేని వాటి గురించి మాట్లాడతాను. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు కాలువలైనప్పుడు ట్యాంకరూ ఇన్వర్టరూ ఎవరినీ ఆదుకోలేదు. వాననీటి కాలువ ఎటు పోవాలో తేల్చేది ఎన్నికైన వాళ్ళే. ఈ మాట చెబితే వాళ్ళు ఫోను పక్కన పెట్టి వింటారు.

"ఒక్క ఓటు" అనేవాళ్ళకు 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్ల తేడాతో తేలిన సంగతి చెప్పవచ్చు, కానీ అది అరుదని వాళ్ళకూ తెలుసు కనుక నేను దాన్ని పెద్దగా వాడను. ఎవరూ నచ్చలేదనేవాళ్ళకు 2013 నుంచి నోటా ఉంది. దానివల్ల ఫలితం మారదని కూడా దాచకుండా చెప్పాలి. లేకపోతే తర్వాత మన మాట నమ్మరు.

ఇక చేయవలసిన పని. ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, ఇప్పుడే ఒక ఆదివారం సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి "ఓటు వేస్తారా" అని కాకుండా "మీ ఓటు ఎక్కడుంది" అని అడగండి. మొదటి ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. రెండో ప్రశ్నకు చాలామంది తెల్లమొహం వేస్తారు. ఎన్నికల సంఘం యాప్‌లో అక్కడికక్కడే చూడవచ్చు, 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇల్లు మారినవాళ్ళకు ఫారం 8, కొత్తవాళ్ళకు ఫారం 6. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, హాస్టల్లో ఉండి చదివేవాళ్ళు హాస్టల్ చిరునామాతోనే నమోదు కావచ్చు. ఓటరు కార్డు పోయిందని ఇంట్లో కూర్చునేవాళ్ళు ఉంటారు. జాబితాలో పేరుంటే ఆధార్ కార్డుతోనైనా ఓటు వేయవచ్చని వాళ్ళకు చెప్పండి.

పోలింగ్ రోజున ఎవరినీ ఒంటరిగా పంపకండి. మే నెల ఎండలో పది దాటితే మన ఊళ్ళో బయటికి రావాలని ఎవరికీ అనిపించదు. మేము ఆరున్నరకే కింద కాఫీ తాగి ఎనిమిది మందిమి కలిసి నడిచాం; "వస్తున్నారా" అని కింది నుంచి పిలిస్తే రానని చెప్పడానికి మొహమాటపడి వచ్చినవాళ్ళు అందులో ఇద్దరున్నారు.

మా ఎదురింటాయన మాత్రం ఇప్పటికీ దారికి రాలేదు. ఓటు మదనపల్లెలో ఉంది. ఫారం 8 నింపి తీసుకువెళ్ళి ఇస్తే, సొంత ఊరితో ఉన్న చివరి బంధం అదొక్కటే సార్, తెంచలేను అన్నాడు. సరే, అక్కడికే వెళ్ళి వేయండి అన్నాను. వెళ్తానన్నాడు, వెళ్ళలేదు. ఈసారి నోటిఫికేషన్ రాగానే బస్సు టికెట్టు నేనే తీసి ఇద్దామనుకుంటున్నాను.